ఎన్‌క్రిప్టెడ్ డిస్కులు: పాస్‌వర్డ్‌ను స్క్రిప్టుకు అప్పగించడం

డెస్క్‌టాప్ కంప్యూటరులోని హార్డ్ డిస్కునో ఎస్‌ఎస్‌డీనో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచితే, దాన్ని తెరవడానికి ఎవరో ఒకరు కీబోర్డు ముందు కూర్చొని పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ పనిని మనిషికి బదులు ఒక స్క్రిప్టో, ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఒక సర్వీసో, మదర్‌బోర్డు మీది చిప్పో చేసే ఏర్పాటునే స్వయంచాలక అన్‌లాక్ అంటారు. మూడు నాలుగు డిస్కులున్న యంత్రంలో బూట్ చేసిన ప్రతిసారీ అన్ని పాస్‌వర్డ్‌లు కొట్టడం విసుగు పుట్టించే పని. రాత్రి కరెంటు పోయి వచ్చాక బ్యాకప్ దానంతటదే మొదలవ్వాలనుకునేవారికీ, ఇంట్లో ఉన్న యంత్రాన్ని వేరే ఊరి నుంచి వాడుకునేవారికీ ఇది తప్పనిసరి అవుతుంది. అవసరం న్యాయమైనదే. అయితే పాస్‌వర్డ్ మనిషి జ్ఞాపకం దాటి బయటికి వచ్చిందంటే అది ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆ చోటు ఎన్‌క్రిప్ట్ కాని డిస్కు మీదే అయితే డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి ప్రయోజనం లేదు. వాడుకలో ఉన్న పద్ధతుల మధ్య అసలు తేడా కీని ఎక్కడ ఉంచుతారన్న దగ్గరే ఉంది. ఈ వ్యాసం ఎక్కువగా లినక్స్ డెస్క్‌టాప్‌ను ఆధారం చేసుకుంటుంది. అందులో ప్రతి దశా బయటికి కనిపిస్తుంది, కావలసినట్టు మార్చుకోవచ్చు.

పాస్‌వర్డ్ వేరు, డిస్కు కీ వేరు

లినక్స్ కెర్నెల్‌లో డిస్కు ఎన్‌క్రిప్షన్ చూసుకునే భాగం డీఎం-క్రిప్ట్. ఇది 2004 మార్చిలో 2.6.4 కెర్నెల్‌తో వచ్చింది. సెక్టార్లను రాసేటప్పుడు ఎన్‌క్రిప్ట్ చేయడం, చదివేటప్పుడు విప్పడం మాత్రమే దాని పని. పాస్‌వర్డ్ గురించి దానికి ఏమీ తెలియదు, నేరుగా కీ ఇవ్వాల్సిందే. పాస్‌వర్డ్‌కూ ఆ కీకీ మధ్య వంతెనగా క్లెమెన్స్ ఫ్రువిర్త్ రూపొందించిన ప్రమాణం పేరు లక్స్. దాన్ని నడిపే ప్రోగ్రాం క్రిప్ట్‌సెటప్.

లక్స్ డిస్కు మొదట్లో ఒక హెడర్ ఉంటుంది. డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే అసలు కీ డిస్కును ఫార్మాట్ చేసినప్పుడు యాదృచ్ఛికంగా తయారవుతుంది. మామూలుగా వాడే ఏఈఎస్-ఎక్స్‌టీఎస్ పద్ధతిలో దాని పొడవు 512 బిట్లు, అంటే 256 బిట్ల కీలు రెండు. మనం కొట్టే పాస్‌ఫ్రేజ్ ఆ కీ కాదు. ఒకే తాళంచెవికి నకళ్లు తీసి, ఒక్కో నకలును ఒక్కో పెట్టెలో పెట్టి, పెట్టెలన్నిటికీ వేర్వేరు తాళాలు వేసినట్టు హెడర్‌లో కీ స్లాట్లు ఉంటాయి. ఏ స్లాట్ తెరిచినా దొరికేది అదే కీ. లక్స్1లో ఇలాంటి స్లాట్లు 8. 2017 డిసెంబరులో క్రిప్ట్‌సెటప్ 2.0తో పాటు వచ్చిన లక్స్2లో 32 వరకు పెట్టుకోవచ్చు.

స్క్రిప్టు రాసేవారికి ఈ అమరిక వల్ల కలిగే మేలు చాలా పెద్దది. సొంత పాస్‌ఫ్రేజ్‌ను ఏ ఫైలులోనూ రాయక్కర్లేదు. యంత్రం కోసం విడిగా ఒక కీ తయారుచేసి ఇంకో స్లాట్‌లో చేర్చవచ్చు. అనుమానం వచ్చిన రోజు ఆ స్లాట్‌ను చెరిపేస్తే చాలు, డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇందులో ఒక మినహాయింపు ఉంది. పాత హెడర్ నకలు పరాయివారి చేతికి చిక్కి ఉంటే, మనం చెరిపేసిన స్లాట్ ఆ నకలులో ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. అప్పుడు డిస్కు మొత్తాన్ని కొత్త కీతో తిరిగి ఎన్‌క్రిప్ట్ చేయడం తప్ప దారి లేదు. లక్స్2లో ఆ పనిని డిస్కు వాడుకలో ఉండగానే చేయవచ్చు.

మనుషుల పాస్‌ఫ్రేజ్‌లు ఊహకు అందేవి కాబట్టి, ఒక్కో ఊహను పరీక్షించడానికి దొంగకు ఎక్కువ సమయం పట్టేలా లక్స్ చూస్తుంది. లక్స్1 పీబీకేడీఎఫ్2 అనే గణనను వేల, లక్షల సార్లు తిప్పుతుంది. లక్స్2 సాధారణంగా ఆర్గాన్2 వాడుతుంది. 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచిన ఈ పద్ధతి సమయంతో పాటు మెమరీని కూడా బాగా తింటుంది. అందువల్ల గ్రాఫిక్స్ కార్డులను వరసగా పేర్చి ఊహించే దాడి ఖరీదవుతుంది. స్క్రిప్టు కోసం తయారుచేసే కీ సంగతి వేరు. కెర్నెల్ ఇచ్చే యాదృచ్ఛిక బైట్లతో తయారైన కీని ఊహించడం ఎవరి వల్లా కాదు. దానికున్న అపాయమల్లా దొంగతనమే.

స్క్రిప్టులో పాస్‌వర్డ్ బయటపడే చోట్లు

అనుభవం లేనివారు రాసే మొదటి స్క్రిప్టు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. కమాండు పక్కనే పాస్‌వర్డ్ రాసేస్తారు. లినక్స్‌లో నడుస్తున్న ప్రతి ప్రోగ్రాం ఏ ఆర్గ్యుమెంట్లతో మొదలైందో ప్రాక్ అనే ఫైల్ సిస్టమ్‌లో కనిపిస్తుంది. మామూలు అమరికలో ఆ యంత్రంలోని ఏ వాడుకరి అయినా, ఏ ప్రోగ్రాం అయినా దాన్ని చదవగలదు. ప్రాక్‌ను మౌంట్ చేసేటప్పుడు హైడ్‌పిడ్ ఆప్షన్ పెడితే ఈ దారి మూసుకుపోతుంది కానీ చాలామంది పెట్టరు. పైగా టెర్మినల్‌లో కొట్టిన వరుస షెల్ హిస్టరీ ఫైలులోకీ చేరుతుంది. క్రిప్ట్‌సెటప్‌లో పాస్‌వర్డ్‌ను ఆర్గ్యుమెంటుగా ఇచ్చే వీలే లేదు. డిస్కులను ఎన్‌క్రిప్ట్ చేసే మరో ప్రోగ్రాం వెరాక్రిప్ట్ మాత్రం లినక్స్‌లోనూ విండోస్‌లోనూ అందుకు ఒప్పుకుంటుంది. అలా ఇవ్వడం సురక్షితం కాకపోవచ్చని లినక్స్ రూపంలోని సహాయ పాఠమే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను అక్షరాలా పాటించాలి.

పాస్‌వర్డ్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టడం కొంత నయం. దాన్ని ఇతర వాడుకరులు చదవలేరు. కానీ అదే వాడుకరి పేరుతో నడిచే ప్రోగ్రాములన్నీ చదవగలవు, స్క్రిప్టు మొదలుపెట్టిన ప్రతి పిల్ల ప్రాసెస్‌కూ ఆ వేరియబుల్ వారసత్వంగా వెళుతుంది. తాత్కాలిక ఫైలులో రాసి తర్వాత తుడిచేద్దామనుకుంటే, ఎస్‌ఎస్‌డీలో తుడిచిన ఫైలు బైట్లు చిప్పుల్లో ఎంతకాలం మిగిలి ఉంటాయో బయటినుంచి చెప్పలేం.

సరైన దారి పైపు. ఒక ప్రోగ్రాం పాస్‌వర్డ్‌ను బయటికి ఇస్తుంది, క్రిప్ట్‌సెటప్ స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి అందుకుంటుంది. బ్యాష్‌లో ఎకో, ప్రింట్‌ఎఫ్ రెండూ షెల్ లోపలి కమాండ్లే కాబట్టి ప్రాసెస్ జాబితాలో వాటి ఆర్గ్యుమెంట్లు కనిపించవు. ఇక్కడ ఎందరినో చిక్కుల్లో పెట్టిన ఒక సూక్ష్మం ఉంది. ఎకో తానిచ్చే పాఠం చివర ఒక న్యూలైన్ చేరుస్తుంది. క్రిప్ట్‌సెటప్ పాస్‌ఫ్రేజ్‌ను మామూలుగా స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి చదివితే మొదటి న్యూలైన్ దగ్గర ఆగిపోతుంది, ఇబ్బంది లేదు. అదే ఇన్‌పుట్‌ను కీ ఫైలుగా పరిగణించమని చెబితే చివరి బైటు దాకా చదువుతుంది, న్యూలైన్ కూడా కీలో భాగమైపోతుంది. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నా డిస్కు తెరుచుకోకపోవడానికి చాలాసార్లు ఈ ఒక్క బైటే కారణం. ప్రింట్‌ఎఫ్‌తో న్యూలైన్ లేకుండా పంపితే సమస్య తీరుతుంది.

ఇన్‌పుట్ తీసుకోకుండా నేరుగా టెర్మినల్‌నే పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రాములూ ఉన్నాయి. వాటి కోసం పుట్టిందే ఎక్స్‌పెక్ట్. అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేసిన డాన్ లిబ్స్ రాసిన ఈ పనిముట్టు 1990లో వెలుగులోకి వచ్చింది. తెర మీద ఫలానా ప్రశ్న కనపడగానే ఫలానా జవాబు కొట్టమని దానికి చెబుతాం, అవతలి ప్రోగ్రాం ఎదుట మనిషే ఉన్నాడనుకుంటుంది. ప్రశ్న మాటలు ఒక వెర్షన్‌లో మారితే, లేదా సిస్టమ్ భాష తెలుగుకు మారితే, స్క్రిప్టు నిలిచిపోతుంది. విండోస్‌లో ఆటోహాట్‌కీ లాంటి వాటితో కీబోర్డు మీటలను అనుకరించి పాస్‌వర్డ్ కొట్టించే పద్ధతి ఇంకా ప్రమాదకరం. ఆ క్షణాన వేరే విండో ముందుకు వస్తే పాస్‌వర్డ్ ఏ చాట్ పెట్టెలోనో పడి అవతలివారికి చేరిపోతుంది. వేరే దారి ఏదైనా ఉన్నంతవరకు దీని జోలికి పోకూడదు.

కీ ఫైలు, క్రిప్ట్‌ట్యాబ్

ఇంటి డెస్క్‌టాప్‌కు అన్నిటికంటే తగిన ఏర్పాటు ఇది. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న రూట్ డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి, దాని పాస్‌ఫ్రేజ్‌ను మాత్రం బూట్‌లో మనిషే కొడతాడు. మిగతా డిస్కుల కీ ఫైళ్లు ఆ రూట్ డిస్కు లోపలే ఉంటాయి. రూట్ తెరుచుకోనిదే అవి ఎవరికీ అందవు, తెరుచుకున్నాక మిగతావన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి. నాలుగు డిస్కులున్నా కొట్టాల్సింది ఒక్క పాస్‌ఫ్రేజ్. రూట్‌ను ఎన్‌క్రిప్ట్ చేయకుండా డేటా డిస్కును మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేసి, కీ ఫైలును రూట్‌లో పెట్టేవారున్నారు. యంత్రం మొత్తాన్ని ఎత్తుకుపోయిన దొంగకు అది ఏ అడ్డంకీ కాదు. డేటా డిస్కును విడిగా ఊడదీసి మరమ్మతుకు ఇచ్చినప్పుడో, పాతదాన్ని అమ్మేసినప్పుడో మాత్రమే అది పనికొస్తుంది.

దీనికోసం స్క్రిప్టు రాయాల్సిన పని కూడా దాదాపు ఉండదు. ఈటీసీ డైరెక్టరీలోని క్రిప్ట్‌ట్యాబ్ ఫైలులో ఒక్కో డిస్కుకు ఒక్కో వరుస ఉంటుంది. తెరిచాక ఆ డిస్కుకు ఉండాల్సిన పేరు, డిస్కు గుర్తింపు, కీ ఫైలు ఉన్న చోటు, ఆప్షన్లు అందులో నాలుగు గడులు. డిస్కును ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లతో కాకుండా యూయూఐడీ అనే స్థిరమైన గుర్తింపు సంఖ్యతోనే రాయాలి, ఆ పేర్లు ఒక బూట్‌కూ ఇంకో బూట్‌కూ మారిపోవచ్చు. కీ ఫైలును రూట్ వాడుకరి తప్ప ఇంకెవరూ చదవకుండా అనుమతులు బిగించాలి. ఊడదీసే అవకాశమున్న డిస్కుకు నోఫెయిల్ ఆప్షన్ చేర్చాలి. లేకపోతే లినక్స్‌లో బూట్‌ను నడిపే సిస్టమ్‌డీ ఆ డిస్కు కోసం 90 సెకన్లు ఎదురుచూసి, చివరికి అత్యవసర షెల్‌లో వదిలేయవచ్చు.

కీ ఫైలు అవసరమే లేని సులువు కూడా ఒకటుంది. డిస్కులన్నిటికీ ఒకే పాస్‌ఫ్రేజ్ పెడితే, సిస్టమ్‌డీ మొదట అడిగి తెలుసుకున్నదాన్ని కెర్నెల్ కీరింగ్‌లో రెండున్నర నిమిషాలు ఉంచుకొని మిగతా డిస్కుల మీద ప్రయోగిస్తుంది. డెబియన్ కుటుంబంలో కీస్క్రిప్ట్ అనే ఆప్షన్ ఉంది. మనం రాసిన ఏ ప్రోగ్రామైనా కీని తన అవుట్‌పుట్‌గా ఇస్తే చాలు, డిస్కు తెరుచుకుంటుంది. తెరుచుకున్న ఒక డిస్కు కీ నుంచి ఇంకో డిస్కు కీని పుట్టించే స్క్రిప్టు, పెన్‌డ్రైవ్ గుచ్చేవరకు ఆగి అందులోని కీ ఫైలు చదివే స్క్రిప్టు డెబియన్‌తోనే వస్తాయి. అయితే సిస్టమ్‌డీ తాను తెరిచే డిస్కులకు కీస్క్రిప్ట్ ఆప్షన్‌ను పట్టించుకోదు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ దశలో తెరుచుకునే వాటికే అది వర్తిస్తుంది. ఇది తెలియక గంటలు పోగొట్టుకునేవారు చాలామంది.

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అంటే రూట్ డిస్కు తెరుచుకోకముందు మెమరీలోకి ఎక్కే చిన్న వ్యవస్థ. చాలా యంత్రాల్లో అది ఎన్‌క్రిప్ట్ కాని బూట్ విభాగంలో ఉంటుంది. రూట్ కీ ఫైలును దాంట్లోకి చేర్చితే బూట్‌లో ఏ ప్రశ్నా ఉండదు, రక్షణ కూడా ఉండదు. ఆ ఫైలును విప్పి కీని బయటికి తీయడం ఎవరికైనా నిమిషాల్లో పని.

లాగిన్‌తో ముడిపెట్టడం

ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడే యంత్రమైతే డిస్కును బూట్‌తో కాకుండా లాగిన్‌తో కలపడం మంచిది. పామ్‌మౌంట్ అనే మాడ్యూల్ లాగిన్ పాస్‌వర్డ్‌నే తీసుకొని ఆ వ్యక్తి డిస్కును తెరుస్తుంది, లాగవుట్ అయ్యాక మూసేస్తుంది. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో బయటి డిస్కు గుచ్చినప్పుడు పాస్‌ఫ్రేజ్‌ను గుర్తుంచుకోమంటే అది పాస్‌వర్డ్‌లను దాచే గ్నోమ్ కీరింగ్‌లోకి వెళుతుంది. ఆ కీరింగ్ కూడా లాగిన్ పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకున్నవారికి మాత్రం ఇది సరిగ్గా నడవదు, కీరింగ్‌ను విప్పే పాస్‌వర్డ్ ఎవరూ కొట్టలేదు కాబట్టి.

విండోస్‌లో, మాక్‌లో

2007లో విండోస్ విస్టాతో వచ్చిన డిస్కు ఎన్‌క్రిప్షన్ బిట్‌లాకర్‌లో డేటా డ్రైవులకు ఆటో అన్‌లాక్ అనే సదుపాయం ఉంది. దాని కీ విండోస్ ఉన్న డ్రైవు లోపల ఉంటుంది. అందుకే లోపలి డేటా డ్రైవుకు అది పెట్టాలంటే విండోస్ డ్రైవు కూడా బిట్‌లాకర్‌లో ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. పైన చెప్పిన లినక్స్ ఏర్పాటు వెనక ఉన్న తర్కమే ఇది, కాకపోతే ఇక్కడ తప్పు చేసే వీలు లేకుండా చేశారు. పవర్‌షెల్ స్క్రిప్టుతో తెరవాలంటే పాస్‌వర్డ్‌ను సెక్యూర్‌స్ట్రింగ్‌గా ఫైలులో భద్రపరచవచ్చు. విండోస్ దాన్ని ఆ వాడుకరి, ఆ యంత్రం తప్ప ఇంకెక్కడా విప్పలేనట్టు ఎన్‌క్రిప్ట్ చేస్తుంది.

2014 మేలో ట్రూక్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాం ఉన్నట్టుండి ఆగిపోయాక, దాని కోడ్ నుంచి అంతకు ఏడాది ముందే మొదలైన వెరాక్రిప్ట్ ఆ స్థానం తీసుకుంది. సిస్టమ్ డ్రైవుకూ డేటా వాల్యూములకూ ఒకే పాస్‌వర్డ్ ఉంటే, బూట్‌కు ముందు కొట్టినదాంతోనే మిగతా వాల్యూములను మౌంట్ చేసే సిస్టమ్ ఫేవరిట్స్ సదుపాయం అందులో ఉంది. వెరాక్రిప్ట్ వాడేవారికి స్క్రిప్టు కంటే ఇదే మేలు. మాక్‌లో పాస్‌వర్డ్‌ను కీచైన్‌లో ఉంచి, అక్కడి నుంచి డిస్క్‌యుటిల్ కమాండుకు పైపు ద్వారా అందించవచ్చు. మాక్ సొంత డిస్కు ఎన్‌క్రిప్షన్ ఫైల్‌వాల్ట్ నడుస్తున్న యంత్రాన్ని దూరం నుంచి రీస్టార్ట్ చేయాల్సి వస్తే, అందుకు వీలున్న యంత్రాల్లో ఎఫ్‌డీఈసెటప్ కమాండు ఆ ఒక్కసారికి పాస్‌వర్డ్ అడగకుండా బూట్ అయ్యేలా చేస్తుంది.

టీపీఎం చిప్పు

కీని మదర్‌బోర్డు మీది టీపీఎం చిప్పు మాత్రమే విప్పగలిగేలా బంధించడం ఇప్పుడు వేగంగా వ్యాపిస్తున్న పద్ధతి. బూట్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్, బూట్‌లోడర్, సెక్యూర్ బూట్ అమరికల కొలతలు పీసీఆర్ అనే రిజిస్టర్లలో చేరతాయి. ఆ కొలతలు కీని బంధించిన నాటివే అయితేనే చిప్పు దాన్ని విడుదల చేస్తుంది. బిట్‌లాకర్ మొదటినుంచీ దీన్నే నమ్ముకుంది. లినక్స్‌లో 2021లో వచ్చిన సిస్టమ్‌డీ 248తో క్రిప్ట్‌ఎన్‌రోల్ అనే కమాండు వచ్చి ఈ పని తేలికైంది. అదే కమాండుతో ఫిడో2 భద్రతా కీలను కూడా చేర్చవచ్చు.

డిస్కును మాత్రమే దొంగిలించినవారి నుంచి టీపీఎం గట్టిగా కాపాడుతుంది. యంత్రం మొత్తం పోతే పరిస్థితి వేరు. విడి చిప్పుగా ఉన్న టీపీఎం నుంచి ప్రాసెసర్‌కు బస్ అనే తీగల మీదుగా వెళ్లే బిట్‌లాకర్ కీని చవకైన బోర్డుతో మధ్యలోనే పట్టవచ్చని 2019లో న్యూజిలాండ్ పరిశోధకులు చూపించారు. ప్రాసెసర్ లోపలే ఉండే టీపీఎంలకు ఆ బస్ లేదు. 2025 జనవరిలో లినక్స్ అమరికల్లో మరో లోపం బయటపడింది. రూట్ విభాగం స్థానంలో అదే గుర్తింపు సంఖ్య ఉన్న తన సొంత విభాగాన్ని దాడి చేసేవాడు పెడితే, బూట్ కొలతలేవీ మారవు కనుక, అతని ప్రోగ్రాం నడుస్తూ టీపీఎం నుంచి కీని అడిగి తీసుకోగలదు. తెరిచిన డిస్కు కీని కూడా కొలతల్లో చేర్చి సరిచూడటం దీనికి విరుగుడు. అంతకంటే తేలికైన మందు టీపీఎంకు ఒక పిన్ జోడించడం. పిన్ పెడితే మళ్లీ మనిషి కావాలి, నిజమే. కానీ తప్పు పిన్ పదేపదే కొడితే చిప్పే తలుపు మూసేస్తుంది కాబట్టి చిన్న పిన్ సరిపోతుంది.

ఎవరూ దగ్గర లేని యంత్రానికి ఇంకో రెండు దారులున్నాయి. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో డ్రాప్‌బేర్ అనే చిన్న ఎస్‌ఎస్‌హెచ్ సర్వరును పెడితే హైదరాబాదులోని యంత్రానికి డల్లాస్ నుంచి పాస్‌ఫ్రేజ్ కొట్టవచ్చు. కీ ఎక్కడా నిలవ ఉండదు. రెండోది రెడ్ హ్యాట్ ఇంజినీర్లు తయారుచేసిన క్లెవిస్, టాంగ్ జంట. ఇంటి నెట్‌వర్కులో టాంగ్ సర్వరు అందుబాటులో ఉంటేనే డిస్కు తెరుచుకుంటుంది. ఆ సర్వరు ఎవరి డిస్కు కీనీ తన దగ్గర ఉంచుకోదు, కీ దాని కంట కూడా పడదు. దొంగ యంత్రాన్ని తన ఇంటికి తీసుకెళ్లాక అది తెరుచుకోదు. టాంగ్‌ను అదే బల్ల మీద ఉన్న చిన్న బోర్డులో పెడితే రెండూ కలిసి పోతాయి, దాన్ని వేరే గదిలో దాచడం తప్పనిసరి.

తెలుగువారి పాస్‌ఫ్రేజ్

ఏ పద్ధతి ఎంచుకున్నా మనిషికి ఒక పాస్‌ఫ్రేజ్ మిగులుతుంది. దాన్ని తెలుగు లిపిలో పెట్టుకోవాలనిపించడం సహజం. బూట్ తొలిదశలో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు గానీ తెలుగు టైపింగుకు వాడే ఐబస్ గానీ ఉండవు. డెస్క్‌టాప్‌లో హాయిగా టైప్ చేసి పెట్టుకున్న తెలుగు పాస్‌ఫ్రేజ్‌ను బూట్ తెర మీద కొట్టే దారే దొరకదు. అందుకే క్రిప్ట్‌సెటప్ రచయితలు ఆస్కీ అక్షరాలనే, అంటే మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులనే వాడమంటారు. తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవడం చక్కని మార్గం, గుర్తుంటాయి, ఇతర దేశాల పదాల జాబితాల్లో దొరకవు. దీర్ఘాలకూ ఒత్తులకూ ఏ స్పెల్లింగు వాడారో ముందే స్థిరపరచుకోవాలి. మాటలను పాటల్లోంచో సామెతల్లోంచో తీసుకోకుండా పాచికలు వేసి ఎంచుకోవాలి. డైస్‌వేర్ పద్ధతిలో జాబితాకు 7776 పదాలుంటాయి, ఒక్కో పదం దాదాపు 12.9 బిట్ల బలం ఇస్తుంది. ఆరు పదాలు కలిస్తే 77 బిట్లు.

ఈ ఏర్పాట్లేవీ పనిచేయని చోటు

నడుస్తున్న యంత్రంలో డిస్కు కీ మెమరీలో ఉంటుంది. కంప్యూటరులోకి చొరబడిన వైరస్‌కు డిస్కు ఎన్‌క్రిప్షన్ కనిపించను కూడా కనిపించదు. కరెంటు తీసేశాక కూడా మెమరీ చిప్పుల్లో డేటా కొన్ని సెకన్లు, చల్లబరిస్తే ఇంకా ఎక్కువసేపు నిలుస్తుందని, దాన్నుంచి కీలను తిరిగి రాబట్టవచ్చని 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిరూపించారు. ఊరెళ్లేటప్పుడు యంత్రాన్ని స్లీప్‌లో ఉంచడానికీ పూర్తిగా ఆపేయడానికీ ఉన్న తేడా ఇదే.

స్వయంచాలక అన్‌లాక్ పెట్టుకున్నవారు డేటా పోగొట్టుకోవడానికి దొంగల కంటే మామూలు కారణాలే ఎక్కువ. బయోస్ అప్‌డేట్‌తో పీసీఆర్ కొలతలు మారి టీపీఎం కీ ఇవ్వదు. మదర్‌బోర్డు కాలిపోతుంది. కీ ఫైలున్న రూట్ డిస్కు చెడిపోతుంది. ఏళ్ల తరబడి కొట్టక పాస్‌ఫ్రేజ్ మరపున పడుతుంది. విండోస్ 11లో 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన చాలా యంత్రాల్లో డిస్కును తానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. తమ యంత్రంలో టీపీఎం రోజూ డిస్కును తెరుస్తోందన్న సంగతే ఆ వాడుకరుల్లో కొందరికి తెలియదు. 48 అంకెల రికవరీ కీ అడిగే తెర ఎదురైన రోజు అది తమ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో వెతుక్కోవాలి.

కాబట్టి ఈ వ్యాసం చదివి స్క్రిప్టు రాయబోయేవారు ముందుగా మూడు పనులు ముగించాలి. లక్స్ హెడర్‌కు నకలు తీసి, ఆ యంత్రంలో లేని మరో ఎన్‌క్రిప్టెడ్ డిస్కులో భద్రపరచండి. హెడర్ చెడితే సరైన పాస్‌ఫ్రేజ్ తెలిసినా డేటా తిరిగి రాదు. యంత్రం కీతో సంబంధం లేకుండా ఒక స్లాట్‌లో మీ సొంత పాస్‌ఫ్రేజ్‌ను తప్పనిసరిగా ఉంచండి. రికవరీ కీని కాగితం మీద రాసి ఇంట్లో నమ్మకమైనవారికి చెప్పి దాచండి, ఏడాదికోసారైనా దాంతో డిస్కును తెరిచి చూడండి.